ఇల్లు వదలనంటున్న అమ్మకి ఏ ఏర్పాటు నప్పుతుంది?

పెద్దావిడ ఒక్కతే ఉంటోంది, ఎనభైకి దగ్గరపడింది, ఈమధ్య ఒకసారి పడింది కూడా, పిల్లలకేమో కంగారు, ఆవిడేమో "కాలూ చెయ్యీ ఆడినంతకాలం నా ఇంట్లోనే ఉంటా, నన్నెక్కడికీ కదపకండి" అని ఒకటే మాట. చాలా ఇళ్ళల్లో నడిచే పంచాయితీనే ఇది. అయితే దాదాపు ప్రతిసారీ మాట రెండు దారుల దగ్గరే ఆగిపోతుంది, మా ఇంటికొచ్చెయ్యి, లేదంటే ఏదో ఒక హోమ్‌లో చేరు. నన్నడిగితే ఈ రెండూ లిస్టులో చిట్టచివర ఉండాల్సినవి. వాటికంటే ముందు చెయ్యదగ్గవి బోలెడున్నాయి, చాలావరకు చిన్నవి, కొన్నైతే ఒక పూటలో అయిపోయేవి. వాటిని పక్కపక్కన పెట్టి ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది ఎక్కడ దెబ్బకొడుతుందో చూద్దాం.

నేను పట్టుకునే కొలత ఒక్కటే. ఆవిడ చేతిలోంచి ఏ పని జారిపోతోందో ఆ పనికి మాత్రమే సాయం పెట్టాలి, మిగతా వాటి జోలికి పోకూడదు. మోకాలు నొప్పని చెక్కుబుక్కు లాగేసుకునే ఇళ్ళున్నాయి, నవ్వకండి, నిజంగానే ఉన్నాయి.

ముందు ఏ పని జారుతోందో తేల్చుకోండి

దీనికి డాక్టర్లు ఎప్పటినుంచో వాడుతున్న రెండు లిస్టులున్నాయి. 1963లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు తన టీమ్‌తో కలిసి ఇచ్చిన లిస్టులో ఆరు పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళిరావడం, మంచం మీంచి కుర్చీలోంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తనంతట తను తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు ఇంకో ఎనిమిది చేర్చారు: ఫోన్ వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలుతుక్కోవడం, బయటికి వెళ్ళిరావడం, మందులు టైమ్‌కి వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం.

మామూలుగా ముందు జారేది రెండో లిస్టు. అందులో రెండు మూడు పోయినంతమాత్రాన ఇల్లు వదలాల్సిన పనేం లేదు, సరుకులు ఇంటికి తెప్పించొచ్చు, బట్టలు ఇంకొకరు ఉతకొచ్చు, బిల్లులు ఆటోమేటిక్‌గా కట్టేలా పెట్టొచ్చు. మొదటి లిస్టులోవి జారడం మొదలైతే అప్పుడు మనిషి సాయం గురించి ఆలోచించాలి, అందులోనూ రాత్రిపూట మంచం దిగి టాయిలెట్‌కి వెళ్ళడం అనేది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఆ టైమ్‌లో ఎవరూ ఉండరు, నిద్రమత్తు, చీకటి, తొందర మూడూ కలుస్తాయి.

మా పెద్దమ్మ ఇంట్లో చూసిన సంగతి చెప్తా. ఆవిడ రోజూ స్నానం చెయ్యడం మానేసిందని పిల్లలు ఇక తన పని తను చూసుకోలేదని తేల్చేశారు, అన్నయ్యైతే సామాను ఎప్పుడు సర్దాలా అన్నంతవరకు వెళ్ళిపోయాడు. బాత్రూమ్‌లోకి వెళ్ళి చూస్తే టవల్ వేసుకునే రాడ్ ఒకవైపు కిందికి వంగి ఉంది, స్క్రూ సగం బయటికొచ్చింది, దాని కింద టైల్ మీద గోడ సున్నం పొడిపొడిగా రాలి ఉంది. అంటే ఇన్నాళ్ళూ ఆవిడ తన బరువంతా ఆ సన్న రాడ్ మీద వేసి బయటికొస్తోంది, అది ఊగడం మొదలయ్యేసరికి భయమేసి స్నానం తగ్గించుకుంది, ఎవరికీ చెప్పలేదు, చెప్తే తీసుకెళ్ళిపోతారని. అక్కడ కావాల్సింది గోడకి గట్టి పట్టు, కింద జారని మ్యాటు, కూర్చుని పోసుకోవడానికి ఒక స్టూలు.

కాబట్టి వెళ్ళినప్పుడు ఎలా ఉన్నావ్ అని అడిగి ఊరుకోకండి, బాగున్నా అనే చెప్తారు. ఏది పట్టుకుని నడుస్తున్నారో చూడండి. తలుపు పక్కన గోడ మీద చేతి మరకలు, కుర్చీలోంచి లేచేటప్పుడు రెండుమూడుసార్లు ముందుకీ వెనక్కీ ఊగడం, ఒకే గదిలో జీవితమంతా కుదించేసుకోవడం, ఇవి మాటలకంటే ఎక్కువ చెప్తాయి. ఇంట్లోనే చేసుకోగల ఒక చిన్న పరీక్ష కూడా ఉంది: మామూలు కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి, పక్కన ఒకరుండాలి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. ఆ నంబరు చూసి బెంబేలెత్తక్కర్లేదు, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళడానికి అది చాలు.

మతిమరుపు సంగతి మాత్రం వేరే లెక్క. పేర్లు మర్చిపోవడం వేరు, పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోవడం, వేసుకున్న మాత్రే మళ్ళీ వేసుకోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం వేరు. ఈ రెండో రకం కనిపిస్తే ముందు డాక్టరు, తర్వాతే మిగతా పోలికలన్నీ, ఎందుకంటే థైరాయిడ్, బీ12 తక్కువవడం, యూరిన్ ఇన్ఫెక్షన్, కొన్ని మందులు కూడా మనిషిని అలాగే చేస్తాయి, వాటికి వైద్యం ఉంది.

మొదటి దారి: అదే ఇల్లు, కొంచెం మార్చి

నా ఓటు ముందు దీనికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు, అందులో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడే అవకాశం రెట్టింపు అని అమెరికా ఆరోగ్య విభాగం సీడీసీ చెప్తుంది. ఇంతా చూస్తే ఆ పడేవాటిలో చాలావరకు ఇంట్లో జరిగేవే, బాత్రూమ్, మంచం పక్కన, మెట్లు, కార్పెట్ అంచు.

బాత్రూమ్‌లో గోడకి పెట్టి పట్టుకునే కడ్డీలు (గ్రాబ్ బార్లు) రెండు రకాలు దొరుకుతాయి. గోడకి డ్రిల్ చేసి బిగించేవి ఒకటి, రబ్బరు కప్పుతో గోడకి అతికించేవి ఇంకోటి. అతికించేవి చూడ్డానికి సుఖం, అద్దె ఇల్లయినా ఇబ్బంది లేదు, కానీ ఎప్పుడు ఊడొస్తాయో చెప్పలేం, సరిగ్గా బరువంతా వేసినప్పుడే ఊడతాయి. వద్దనే చెప్తా. బిగించేదైనా వట్టి ప్లాస్టర్‌లో కాకుండా ఇటుకలోకో కాంక్రీట్‌లోకో దిగాలి, ఒక పెద్దమనిషి నిండు బరువు వేలాడినా కదలకూడదు. వికలాంగుల కోసం అమెరికాలో ఉన్న ఏడీఏ చట్టం రూల్స్‌లో ఈ కడ్డీలు 113 కిలోల దాకా ఆగాలని, నేలనుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలని ఉంటుంది. అది ఒక అంచనా కోసమే, ఆవిడ పొట్టిగా ఉంటే ఆవిడ చెయ్యి ఎక్కడ పడుతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి బిగించండి. ఆవిడ లేనప్పుడు వచ్చి బిగించి పోవద్దు, అది అలంకారానికి తప్ప పనికిరాదు.

టాయిలెట్ సీటు ఎత్తు పెంచడానికి పైన పెట్టే రైజర్ ఒక దారి, చుట్టూ చేతులు ఆనించుకునే ఫ్రేమ్ ఇంకో దారి. మోకాళ్ళే సమస్యైతే రైజర్, బ్యాలెన్స్ కూడా సమస్యైతే ఫ్రేమ్ ఉన్న రైజర్. బాత్రూమ్ తలుపు గురించి ఎవరూ ఆలోచించరు కానీ అది లోపలికి తెరుచుకునేదైతే, మనిషి లోపల తలుపుకి అడ్డంగా పడితే బయటివాళ్ళు తియ్యలేరు. బయటికి తెరుచుకునేలా మార్పించండి, కుదరకపోతే కనీసం బయటినుంచి తీయగలిగే లాక్ పెట్టించండి.

మంచం నుంచి టాయిలెట్ దాకా మనిషి కదిలితే వెలిగే లైట్లు, దారిలో వైర్లు లేకుండా చెయ్యడం, రోజూ వాడేవన్నీ నడుము నుంచి భుజం ఎత్తు మధ్యలోకి మార్చడం, మెట్లకి రెండువైపులా పట్టుకునే రెయిలింగ్. ఇవి వివరించక్కర్లేదు, చేసేస్తే సరి.

చేతికర్రా, వాకరా, చక్రాల రోలేటరా అన్నది మాత్రం షాపులో చూసి కొనేది కాదు. ఒక కాలు మాత్రమే నొప్పి, బ్యాలెన్స్ ఓ మాదిరిగా ఉందంటే కర్ర చాలు, అది నొప్పి కాలికి అవతలివైపు చేతిలో పట్టుకోవాలి, చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు మడత ఎక్కడుంటుందో కర్ర పిడి అక్కడుండాలి. బరువంతా ఆనించాల్సి వస్తుంటే చక్రాల్లేని వాకర్. నడవగలదు గానీ తొందరగా ఆయాసం వస్తుంది, మధ్యలో కూర్చోవాలి అనే మనిషికి బ్రేకులు, సీటు ఉన్న రోలేటర్. రోలేటర్ మీద బరువు ఆనించేవాళ్ళకి అది ముందుకి జారిపోతుంది, ఆ తేడా తెలీక కొన్నది మూల పడేసినవాళ్ళు ఎంతమందో. కొనేముందు గుమ్మాల వెడల్పు కూడా కొలుచుకోండి, ఇది అందరూ మర్చిపోయేదే.

ఇక ఇంటికంటే ముందు మనిషిని బాగుచేసే పని. న్యూజిలాండ్‌లో తయారైన ఓటాగో అనే వ్యాయామ పద్ధతి ఉంది, ఇంట్లోనే కాళ్ళ బలానికీ బ్యాలెన్స్‌కీ చేసేది, దాంతోపాటు నడక. ఇలాంటి వ్యాయామాల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2019లో వైద్య పరిశోధనలని జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ చూస్తే పడటాలు దాదాపు 23 శాతం తగ్గాయని తేలింది. వయసైపోయింది ఇప్పుడేం ఎక్సర్‌సైజులు అని కూర్చోబెట్టేవాళ్ళే ఆవిడని మంచానికి దగ్గర చేస్తున్నారు, ప్రేమతోనే అనుకోండి.

మందుల చీటీ కూడా ఒకసారి మొత్తం డాక్టరు ముందు పెట్టాలి. నిద్రమాత్రలు, మత్తునిచ్చే పాతరకం అలర్జీ మాత్రలు, బీపీ మందు ఎక్కువవ్వడం, ఇవన్నీ తూలేలా చేస్తాయి. పడుకుని ఉన్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడమనండి, పై నంబరు 20 పాయింట్లు గానీ కింది నంబరు 10 పాయింట్లు గానీ తగ్గితే అది చెప్పాల్సిన సంగతే. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపేయకండి. కళ్ళజోడు కూడా, దూరానికీ చదవడానికీ ఒకే అద్దంలో ఉండే జోడుతో మెట్లు దిగేటప్పుడు కింది భాగం మసగ్గా కనిపిస్తుంది, నడకకి వేరే జోడు ఉంటే మేలు.

రెండో దారి: పడితే తెలిసేలా ఒక సాధనం

ఒంటరిగా ఉండేవాళ్ళకి పడటం ఒక ఎత్తు, పడ్డాక లేవలేక గంటలకొద్దీ నేలమీద ఉండిపోవడం ఇంకో ఎత్తు. ఎముక విరగకపోయినా అలా గంటకి మించి ఉండిపోతే ఒళ్ళు చల్లబడటం, నీరు తగ్గిపోవడం, ఒత్తుకున్నచోట పుండ్లు, కండ దెబ్బతిని కిడ్నీల మీద పడటం దాకా వెళ్తుంది. అందుకే ఏదో ఒక సాధనం కావాలి, ఏది అన్నదే ప్రశ్న.

మెళ్ళో వేసుకునే బటన్ అన్నిటికంటే తేలిక, ఛార్జింగ్ గొడవ తక్కువ, నొక్కితే ఎవరికో ఫోన్ వెళ్తుంది. కానీ నొక్కాలి కదా. కేంబ్రిడ్జ్‌లో తొంభై దాటినవాళ్ళ మీద చేసిన ఒక స్టడీ 2008లో వచ్చింది, పడి లేవలేకపోయినవాళ్ళలో ఎక్కువమంది దగ్గర బటన్ ఉండి కూడా నొక్కలేదు. కొందరికి మెళ్ళో లేదు, కొక్కేనికి వేలాడుతోంది, కొందరు ఎవర్నీ ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఎలాగోలా లేద్దామనుకున్నారు. ఆ చివరిది బాగా తెలిసిన స్వభావమే కదా.

పడితే దానంతట అదే గుర్తుపట్టే వాచ్ ఇంకోటి. యాపిల్ వాచ్‌లో 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి ఉంది, గట్టిగా పడి మనిషి ఒక నిమిషంపాటు కదలకపోతే అదే ఎమర్జెన్సీకి కాల్ చేస్తుంది. మంచిదే, అయితే రోజూ ఛార్జింగ్ పెట్టాలి, మంచం మీంచి మెల్లగా జారి కిందపడ్డదాన్ని అన్నిసార్లూ పట్టుకోదు, రాత్రి ఛార్జింగ్‌కి తీసేస్తే అసలు అవసరమైన టైమ్‌లోనే చేతికి ఉండదు. స్నానం చేస్తున్నప్పుడో పొద్దున తింటున్నప్పుడో ఛార్జింగ్ అని అలవాటు చేద్దామంటే స్నానం టైమ్ కూడా ప్రమాదమైనదే, కాబట్టి తినేటప్పుడు పెట్టడం మేలు. ఫోన్లంటే సరదా ఉన్న పెద్దావిడకి వాచ్, గాడ్జెట్లంటే చిరాకు పడేవాళ్ళకి తడిసినా పాడవ్వని బటన్.

కెమెరాల దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆవిడ అడిగితే తప్ప పెట్టకండి. పడ్డాక ఎప్పుడో మీరు యాప్ తెరిచి చూస్తే తెలుస్తుంది తప్ప కెమెరా పడకుండా ఆపదు, ఆపైన ఎనభై ఏళ్ళ మనిషి తన హాల్లో తను కాళ్ళు చాపుకుని కూర్చోడానికి కూడా ఆలోచించే పరిస్థితి. అదే సొమ్ముతో తలుపుకో ఫ్రిజ్‌కో పెట్టే చిన్న సెన్సర్ దొరుకుతుంది, పొద్దున ఫలానా టైమ్‌కల్లా అది తెరుచుకోకపోతే మీకు మెసేజ్ వస్తుంది, బొమ్మ ఏమీ ఉండదు. ఇంకా సులువైంది, రోజూ పొద్దున ఒప్పుకున్న టైమ్‌కి ఆవిడే ఒక మెసేజో మిస్డ్ కాలో ఇవ్వడం, రాకపోతే తాళం చెవి ఉన్న పక్కింటివాళ్ళు వెళ్ళి చూడటం. ఆవిడ మిమ్మల్ని పలకరించినట్టుంటుంది, మీరు ఆవిడని కాపలా కాసినట్టుండదు. మా పెద్దమ్మ దీనికి మాత్రం ఒక్క మాటకే ఒప్పుకుంది, పైగా అన్నయ్య తిరిగి మెసేజ్ పెట్టకపోతే క్లాసు కూడా పీకుతుంది.

మూడో దారి: మనిషి సాయం, గంటలకా, రోజంతానా

పనిమనిషి, కేర్‌టేకర్, నర్సు, ముగ్గురూ వేరు. ఇల్లు తుడవడం, బట్టలు, వంట అయితే పనిమనిషి చాలు. స్నానం, బట్టలు వేసుకోవడం, నడిపించడం అయితే దానికి తర్ఫీదు ఉన్న కేర్‌టేకర్. ఇంజెక్షన్లు, పుండ్లకి కట్లు, ట్యూబులు ఉంటేనే నర్సు. అవసరం మొదటిదైతే మూడోదాన్ని పెట్టుకుని డబ్బు తగలేసుకోవడం, అవసరం రెండోదైతే మొదటిదానితో సరిపెట్టి అమ్మని పడేసుకోవడం, రెండూ జరుగుతుంటాయి.

గంటలకి వచ్చే మనిషిని పెడితే ఆ గంటలు ఎప్పుడన్నది చూసుకోండి. చాలామంది మధ్యాహ్నం పెడతారు, వచ్చే మనిషికి వీలని. ఆ టైమ్‌లో పెద్దావిడ హాయిగా కుర్చీలో కూర్చుని ఉంటుంది, చేసేదేం ఉండదు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ప్రమాదం ఉన్నది పొద్దున లేచి స్నానం అయ్యేదాకా, మళ్ళీ రాత్రి పడుకునే ముందు. ఆ రెండు ముక్కలకి ఇద్దరు వేర్వేరు మనుషులైనా పర్లేదు.

ఇరవైనాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండే మనిషి కావాలంటే ముందు ఇవి తేలాలి. ఆ మనిషికి విడిగా పడుకునే చోటుందా, వారంలో సెలవు రోజు ఎవరు చూస్తారు, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేపాల్సిన పరిస్థితైతే పగలు చూసే మనిషే రాత్రి కూడా చూడటం కుదరదు, కొన్నాళ్ళకి వాళ్ళే పడిపోతారు. అప్పుడు ఇద్దరు కావాలి, ఖర్చు కూడా ఆ మేరకే. ఏజెన్సీ ద్వారా అయితే ఒకరు రాకపోతే ఇంకొకర్ని పంపుతారు, వివరాలు చెక్ చేసి ఉంటాయి అనే ధీమా కొంత, కానీ మనుషులు మారిపోతుంటారు, ప్రతి కొత్త మనిషికీ సబ్బెక్కడుందో మొదలుకుని చెప్పుకోవాలి. నేరుగా పెట్టుకుంటే అదే మనిషి ఏళ్ళతరబడి ఉండొచ్చు, అయితే రాని రోజు మీ తిప్పలు మీవి.

ఎవర్ని పెట్టుకోవాలో పెద్దావిడే ఎంచాలి. మీరు ఫోన్‌లో మాట్లాడి పంపిస్తే వచ్చిన మనిషి మీ మనిషవుతుంది, అమ్మ మీద నిఘా. ఆవిడే మాట్లాడి, ఆవిడే పని చెప్పి, జీతం ఆవిడ చేత్తో ఇస్తే వచ్చిన మనిషి ఆవిడ మనిషి. జీతం డబ్బు మీరు వేసినా సరే, ఇచ్చేది ఆవిడ చెయ్యి కావాలి. వద్దు వద్దని ఒకరిద్దర్ని పంపించేసిన వాళ్ళే ఇలా చేస్తే ఒప్పుకోవడం చూశా. ఏటీఎం పిన్, బ్యాంకు సంతకాలు మాత్రం ఎంత నమ్మకస్తులైనా వాళ్ళ చేతికి వెళ్ళకూడదు, ముందే చెప్పుకుంటే ఎవరికీ మొహమాటం ఉండదు.

నాలుగో దారి: ఇల్లు మారడం

ఇందులోనే మూడు రకాలున్నాయి, వాటిని ఒకే గాటన కడతారు.

ఒకటి, పిల్లల ఇంటికి వెళ్ళడం. రాత్రిపూట మనిషి ఉంటారు అనేది నిజమైన లాభం. కానీ పగలు? ఇద్దరూ ఉద్యోగాలకి, పిల్లలు స్కూలుకి పోతే ఆవిడ అక్కడా ఒంటరే, తేడా ఏంటంటే ఇక్కడ లైటు స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా చేతికి తెలుసు, అక్కడ తెలీదు, పలకరించే పక్కింటివాళ్ళు లేరు, కిచెన్ ఆవిడది కాదు. పగలు ఇంట్లో ఎవరైనా ఉండే కుటుంబానికి, ఆవిడకి గది, పని, మాట చెల్లుబాటు ఉండే ఇంటికి ఇది బాగా కుదురుతుంది. లేకపోతే మీ మనసుకి ప్రశాంతత తప్ప ఆవిడకి ఒరిగేది తక్కువ.

రెండు, అదే ఏరియాలో కింది అంతస్తులో చిన్న ఇల్లు. దీన్ని ఎవరూ ఎందుకు పట్టించుకోరో తెలీదు. మెట్లే సమస్యైనప్పుడు, పెద్ద ఇల్లు శుభ్రం చెయ్యలేకపోతున్నప్పుడు, అదే డాక్టరు, అదే పరిచయస్తులతో ఇల్లొక్కటే మారుతుంది. మారడమంటూ జరిగితే కాళ్ళలో ఓపిక ఉన్నప్పుడే జరగాలి, కొత్త ఇల్లు అలవాటు చేసుకునే శక్తి ఉన్నప్పుడు.

మూడు, పెద్దవాళ్ళ కోసం కట్టే చోట్లు. అన్నిటినీ హోమ్ అనేస్తాం గానీ సొంతంగా ఉంటూ వంట, శుభ్రం, డాక్టరు అందుబాటులో ఉండే అపార్ట్‌మెంట్లు వేరు, రోజువారీ పనుల్లో సాయం చేసేవి వేరు, పూర్తిగా నర్సింగ్ ఉండేవి వేరు. చూడ్డానికి వెళ్ళినప్పుడు లాబీ, గార్డెన్ చూసి రాకండి. గది తాళం ఆవిడ దగ్గరుంటుందా, పొద్దున ఆవిడకి ఇష్టమొచ్చినప్పుడు లేవొచ్చా, రాత్రి ఎంతమంది స్టాఫ్ ఉంటారు, రేపు ఆరోగ్యం ఇంకా తగ్గితే ఉంచుతారా వెళ్ళిపొమ్మంటారా, ఇవి అడగండి. సాయంత్రం చెప్పకుండా ఒకసారి వెళ్ళి చూడండి.

ఈ ప్రశ్నలు ఊరికే కాదు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒక అంతస్తులో వాళ్ళకి మీ గది మీ ఇష్టం, మీ నిర్ణయాలు మీవి అని చెప్పి, పెంచుకోవడానికి ఒక మొక్కని ఎంచుకోమన్నారు. ఇంకో అంతస్తులో వాళ్ళకి అన్నీ మేం చూసుకుంటాం అని చెప్పి, మొక్క ఇచ్చి, నీళ్ళు నర్సులే పోశారు. మొదటి గుంపు మరింత హుషారుగా, చురుగ్గా కనిపించారు. కాబట్టి ఏ చోటైనా సరే, ఆవిడ చేతిలో ఎన్ని నిర్ణయాలు మిగులుతాయన్నది సదుపాయాల లిస్టులో పైన ఉండాలి.

హోమే సరైన దారి అయ్యే పరిస్థితులు కూడా ఉన్నాయి, దాచాల్సింది లేదు. మతిమరుపు ముదిరి రాత్రుళ్ళు బయటికెళ్ళిపోతుంటే, లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వస్తుంటే, చూసుకునే కూతురో కోడలో తనే మంచానపడేలా ఉంటే, లేదా ఆవిడకే ఒంటరితనం భరించలేకుండా ఉంటే. ఆఖరిది చాలామంది చెప్పరు, ఇల్లు వదలనన్న మాట మీద నిలబడాలి కాబట్టి. అలాంటివాళ్ళకి వారంలో కొన్ని రోజులు పగటిపూట డే కేర్ సెంటర్‌కి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే ఏర్పాటు మధ్యే మార్గం.

అయితే ఎవరికి ఏది

- రెండో లిస్టు పనులు మాత్రమే జారుతున్నాయి, బుర్ర చురుగ్గా ఉంది: ఇంట్లో మార్పులు, బటనో వాచో, వారానికి కొన్ని గంటల పనిమనిషి. ఇక్కడితో ఆగండి.
- స్నానం కష్టమవుతోంది, మిగతావి పర్లేదు: పైవాటితో పాటు పొద్దునపూట కేర్‌టేకర్.
- మెట్లు ఎక్కలేకపోతోంది: ఇల్లు మార్చేముందు పడకగది కిందికి దించొచ్చేమో చూడండి, కింద బాత్రూమ్ ఉంటే సగం సమస్య తీరినట్టే.
- రాత్రి లేవడానికి మనిషి కావాలి: ఇంట్లో ఉండే మనిషి, లేదా పిల్లల ఇల్లు.
- మందులు, పొయ్యి, దారి మూడూ తికమకపడుతున్నాయి: ఒంటరిగా వద్దు, ఎవరెన్ని చెప్పినా.

ఎప్పుడు తేల్చుకోకూడదు, ఎప్పుడు తేల్చుకోవాలి

హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ అయ్యే రోజు ఇల్లు అమ్మే మాట ఎత్తకండి. 2007లో వచ్చిన ఒక స్టడీలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్ళలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయింది. జబ్బుపడి పడుకున్నవాళ్ళ సంగతి చెప్పేదేముంది. డిశ్చార్జ్ రోజు కనిపించే నీరసం చాలావరకు పడక వల్ల వచ్చింది, ఫిజియోథెరపీతో కొన్ని వారాల్లో ఎంతో కొంత వెనక్కొస్తుంది. ఆ వారాలకి పిల్లల ఇంట్లోనో కేర్‌టేకర్‌తోనో తాత్కాలికంగా ఉంచండి, ఆవిడ ఇల్లు అలాగే ఉంచి, తాళం ఆవిడకే ఇచ్చి. తిరిగి వెళ్ళడానికి ఇల్లుందని తెలిస్తే ఎక్సర్‌సైజులు కూడా బుద్ధిగా చేస్తారు.

రిస్కు మొత్తం పోయే ఏర్పాటు ఏదీ లేదు, హోమ్‌లో కూడా పడతారు. రాబర్ట్ పెర్స్‌కే అనే ఆయన 1972లో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ గురించి రాస్తూ, మామూలు మనిషి రోజూ తీసుకునే రిస్కులు తీసుకునే హక్కు వాళ్ళకీ ఉండాలన్నాడు, ఆ మాటే తర్వాత పెద్దవాళ్ళ సంరక్షణలోకీ వచ్చింది. తెలిసి తీసుకునే రిస్కు అయితే ఆవిడది, తెలీక పడే ప్రమాదమైతే మనం ఆపాల్సింది, గీత అక్కడ గీసుకుంటే గొడవలు సగం తగ్గుతాయి.

ఆ గీత ఆవిడ చేతే రాయించండి, ఒంట్లో బాగున్నప్పుడు, ఎవరూ కోపంగా లేనప్పుడు. పిల్లలు నలుగురుంటే తలా ఒక మాట అంటారు, కాగితం మీద ఆవిడ మాట ఉంటే వాదన ఉండదు. మా పెద్దమ్మ రాసింది మూడే ముక్కలు. రాత్రి బాత్రూమ్‌కి నేను వెళ్ళలేకపోతే ఇంట్లో మనిషిని పెట్టండి. పొయ్యి ఆర్పడం రెండుసార్లు మర్చిపోతే గ్యాస్ తీసేసి కరెంటు స్టవ్ పెట్టండి, నన్ను అడగక్కర్లేదు. మీరెవరో గుర్తుపట్టకపోతే మీకు ఏది వీలైతే అది చెయ్యండి, అప్పటిదాకా ఇల్లు అమ్మకండి.

ఇలాంటి కాగితం చట్టపరంగా చెల్లకపోవచ్చు, వైద్యం గురించీ ఆస్తి గురించీ ఆవిడ తరఫున ఎవరు సంతకం పెట్టాలన్నది లాయరుతో విడిగా రాయించుకోవాలి, అదీ ఆవిడ బుర్ర స్పష్టంగా ఉన్నప్పుడే చెల్లుతుంది, కాబట్టి వాయిదా వెయ్యకండి. మిగతా ఏర్పాట్లని ఆరునెలలకోసారి ఆవిడతోనే కూర్చుని చూసుకోండి, మధ్యలో పడ్డా, కొత్త మందు మొదలైనా, కళ్ళజోడు మారినా, రోజూ వచ్చే పక్కింటావిడ ఇల్లు ఖాళీ చేసినా వెంటనే చూసుకోండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో అప్పుడే మళ్ళీ సరిచూసుకోవడం మర్చిపోవద్దు.